మనోళ్ల పిల్లగాడే

మొన్న మొయినాబాద్‌లో మా అక్క మనవరాలు చదివే బడిలో తల్లిదండ్రుల్ని పిలిచి, పిల్లలు ఫోనులో ఆపదల పాలుకాకుండా ఎట్లా చూసుకోవాలో చెప్పారు. అక్క కోడలికీ పిల్లకూ తోడుగా నేనూ వెళ్లాను. ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడవద్దని పిల్లలకు చెప్పండి అని టీచరమ్మ అంటుంటే అందరూ తలలూపారు, నేను మాత్రం ఊపలేకపోయాను. మా ఇంట్లోకి వచ్చినవాడు తెలియనివాడిగా రాలేదు మరి.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ ఇంటికైనా కొత్త మనిషి వస్తే జరిగే విచారణ. సురంగల్‌లో మా అమ్మ వాకిట్లో కొత్తిమీర కట్టలు కడుతూనే, వచ్చినవాడిది ఏ ఊరు, ఎవరి బిడ్డ, మేనత్తను ఎక్కడిచ్చారు అని ఆరా తీసి, ఎక్కడో ఒకచోట చుట్టరికమో పరిచయమో తేలేదాకా గడప దాటనిచ్చేది కాదు. పోలీసులకు కూడా ఇన్ని ప్రశ్నలు తోచవని మేము నవ్వుకునేవాళ్లం. ఆ ప్రశ్నల చాటున ఎంత నిశ్చింతగా పెరిగామో తలచుకుంటే ఇప్పుడు దుఃఖం వస్తుంది.

ఆ విద్య మా అక్కకు అబ్బింది. మనవరాలు ఫోనులో ఆట ఆడుతూ ఎవరో అబ్బాయితో మాట్లాడుతోందని తెలిసి, కిందటేడు అక్క ఫోను తానే అందుకుని, మేమూ వినేలా స్పీకర్ పెట్టి వాకబు చేసింది. వాడు షాబాద్ అన్నాడు. మా పెద్దబావ పేరు చెప్పాడు, ఆయన పోయిన సంగతీ, దినాలకు ఎవరెవరు వచ్చిందీ చెప్పాడు. చివర్లో మెత్తగా, "పెద్దమ్మా, పాణం మంచిగున్నదా?" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ పని చేసుకుంటుంటే వెనకనుంచి వినిపిస్తుంది.

"మనోళ్ల పిల్లగాడే, ఫికర్ లేదు" అని అక్క ఫోను పిల్ల చేతికిచ్చేసింది. దాంతో ఇంట్లో ఎవరమూ మళ్లీ అటు చూడలేదు.

కొన్నాళ్లకు పిల్ల అన్నం సరిగా తినడం మానేసింది, జడ వేస్తామన్నా దగ్గరకు వచ్చేది కాదు. పరీక్షల బెంగ అనుకున్నాం. వాడు ఫోటోలు అడిగి తీసుకుని, ఇప్పుడు వాటిని అందరికీ పంపుతానని బెదిరిస్తున్నాడని కోడలు కనిపెట్టేసరికి పిల్ల సగమైపోయింది. పోలీసులు విచారిస్తే షాబాద్‌లో అలాంటివాడే లేడు. మా పెళ్లిళ్ల ఫోటోలూ దినాల ఫోటోలూ, కింద వరసలూ పేర్లూ రాసి మరీ, అందరూ చూసేలా నెట్‌లో పెట్టింది మా ఇంట్లోవాళ్లే. వాడు వాటిని చదువుకున్నాడు, అంతే.

ముందే ఎందుకు చెప్పలేదని తల్లి దగ్గరకు తీసుకుని అడిగితే పిల్ల ఒకటే మాట అంది.

"నానమ్మనే మనోడని చెప్పింది గద మమ్మీ. ఇగ నేనెవ్వరికి చెప్పాలె?"

అక్క అది విని లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఎవరమూ వెనక వెళ్లలేదు.

టీచరమ్మ చెప్పినవన్నీ మేము అప్పుడే చేశాం. ఫోటోలు తీసేశాం, ఖాతా మూయించాం, ఏం జరిగినా కోప్పడమని పిల్లకు మాటిచ్చాం. వాడు మాత్రం దొరకలేదు. ఫోను మోగితే మా ఇంట్లో ఇప్పటికీ ఒక క్షణం ఎవరూ కదలరు.

బడినుంచి వస్తుంటే ఆటోలో పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "చిన్న నానమ్మా, వానికి మన పేర్లన్ని ఇంక యాదికున్నయా?"

చుట్టుపక్కల పది ఊళ్లలో మమ్మల్ని ఎరిగినవాళ్లున్నారన్నదే ఒకప్పుడు మాకు కొండంత ధైర్యం. ఇప్పుడు ఎక్కడో కూర్చున్న ఒకడు మా ఇంటిల్లిపాదినీ పేరుపేరునా ఎరుగును, వాణ్ణి మాత్రం మేమెవరమూ ఎరగం.