పోగు తెంపని పరీక్ష

పరువు పోతుందని ఇది రాయొద్దనే అనుకున్నాను. కంప్యూటర్‌ను లోపలుండి నడిపేది కెర్నల్. కొత్తది వచ్చినప్పుడల్లా దానంతటదే పరీక్ష జరిగేలా ఇంట్లో వర్చువల్ మిషన్, అంటే కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి కంప్యూటర్, పెట్టాను. సూరత్‌లో ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన చేతులివి, కీబోర్డు అరవై దాటాక పట్టాయి, అదో పెద్ద కథ. వారమంతా అన్నీ పాసే! ఆ ధైర్యంతో, రేపొచ్చి షెడ్డు కంప్యూటర్‌లో కొత్త కెర్నల్ వేస్తానని సాంచాల షెడ్డు యజమాని సేఠ్‌కు మాటిచ్చాను.

ఇవాళ మా ఆవిడకు గొప్పగా చూపించాను.

"పోగు తెంపి చూసినవా?" అంది. పడుగు పోగు తెగితే సాంచ ఆగాలి. కొత్త సాంచను నమ్మేముందు కావాలనే ఒకటి తెంపి చూస్తాం.

"ఇది సాంచ కాదే."

"అయితే ఏంది? జర తెంపరాదు!"

కావాలనే చెడగొట్టిన కెర్నల్ ఇచ్చాను. మిషన్ దాన్నీ పాస్ అంది. తీరా చూస్తే, పరీక్ష నడపడానికి నేను రాసిన స్క్రిప్టు వారం నుంచి పరీక్షించింది పాత కెర్నల్‌నే!

ఇంత ధీమాగా మీరెప్పుడైనా బోల్తా పడ్డారా?

సేఠ్‌కు ఫోన్ చేసి రేపు రానని చెప్పాను. నేనిచ్చిన మాటే మరిచి, రేపేముందని అడిగాడు.