హాజరు పట్టీలో మావాడి పేరు

ఆ రోజుల్లో మా జిల్లాలో కాలేజీ లేదు, పక్కనున్న నల్లగొండ జిల్లాలోనూ లేదు. మెట్రిక్ పాసైనవాడు ఇంకా చదవాలంటే పట్నం పోవాలి. కొత్తకోట దగ్గరి మా ఊరి నుంచి అలా పోయిన మొదటివాణ్ణి నేనే. మాది వ్యవసాయం. చదువంతా ఉర్దూలో. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, మాకది వింతగా ఉండేది కాదు.

పట్నంలో ఒక గదిని ఇద్దరం కిరాయికి తీసుకున్నాం. నాతో ఉన్నవాడిది నార్కట్‌పల్లి అవతల ఒక చిన్న ఊరు. గొర్రెలు కాచే ఇంటివాడు. వాళ్ళ వంశంలో అక్షరం ముక్క వచ్చినవాడు వాడొక్కడే. తరగతిలో అందరికంటే వెనక కూర్చునేవాడు, పాఠం అందరికంటే ముందు అర్థం చేసుకునేవాడు. పగలు గొంగడి మడిచి దాని మీద కూర్చుని రసాయనశాస్త్రం పుస్తకం గట్టిగా చదివేవాడు. నేను పడుకుని వినేవాణ్ణి. నాకొచ్చిన రసాయనశాస్త్రంలో సగం అలా వచ్చిందే.

రెండో ఏడు మొదట్లోనే తరగతులు పలచబడ్డాయి. ఊళ్ళలో దొరలకూ, వాళ్ళ మీద తిరగబడ్డ సంఘం వాళ్ళకూ గొడవలు. ఇళ్ళు తగలబడుతున్నాయని, దొరలు గడీలు విడిచి పట్నం వచ్చేస్తున్నారని రోజుకొక కబురు. ఒకరోజు హాజరు తీసుకునేసరికి ఏడుగురమే ఉన్నాం. పంతులు పట్టీ మూసేసి, “మీరూ ఇంటికి పోండి” అన్నాడు.

పెట్టెలు గదిలోనే వదిలి బయల్దేరాం. నాది జడ్చర్ల దాకా రైలు, వాడిది నార్కట్‌పల్లి బస్సు. బస్సు దగ్గర వాడు ఎక్కకుండా నిలబడ్డాడు.

“ఊర్ల మస్తు గడ్‌బడ్ ఉందంట” అన్నాడు. “బాపు ఒక్కడే ఉన్నడు. పోకుంటె ఎట్ల? పోతె ఏమైతదో ఎర్కలేదు.”

“నీకేం ఫికర్?” అన్నాను. “ఎవలన్న అడిగితె కాలేజీల సదువుతున్నా అని చెప్పు. సదువుకున్నోన్ని ఎవలు ముట్టరు.”

“గంతేనంటవా?”

“గంతే.”

వాడు నవ్వి బస్సెక్కాడు. నేను ఆ మాట ఆలోచించి అనలేదు. రైలు వేళ అవుతోందని అన్నాను.

తర్వాత పోలీసు చర్య జరిగింది. మా ఊరి వాళ్ళు రోడ్డు దాకా పోయి మిలిటరీ లారీలు చూసొచ్చారు. నేనూ పోయాను. దుమ్ము తప్ప నాకేమీ గుర్తు లేదు. నాలుగైదు రోజుల్లో రాజ్యం మారిపోయిందన్నారు. మా బాపు ఆ రోజు కూడా వేరుశనగ చేనులో కలుపు తీయించాడు.

కొన్ని నెలలకు కాలేజీ తెరిచారని తెలిసి పట్నం పోయాను. గది ఇంటామె ఒక ముసల్మాను ముసలమ్మ. అంత గడబిడలోనూ మా పెట్టెలు రెండూ భద్రంగా ఉంచింది. కాలేజీలో కొత్త పంతుళ్ళు వచ్చారు. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నాకు తెలిసిన విషయమే నాకు తెలియని భాషలో చెబుతుంటే నల్లబల్ల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

హాజరు పట్టీ మాత్రం పాతదే. కొత్త పంతులు రోజూ మావాడి పేరు పిలిచేవాడు. ఎవరూ పలికేవారు కాదు. ఆయన ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేరు పిలిచేవాడు. ఆ తర్వాతి పేరు నాది. ఇప్పుడు “ప్రెజెంట్” అనాలి, కానీ “హాజర్” అనడం అలవాటై, ఒకటి రెండుసార్లు అలాగే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

నెల దాటాక గోడ మీద ఒక కాగితం అంటించారు. చాలా రోజులుగా గైర్‌హాజరైనందున పేరు తొలగించడమైనదని, కింద మావాడి పేరు. సాయంత్రం ఇంటామెతో చెప్పాను.

“ఐతే వాడి పెట్టె వాడింట్ల ఇచ్చి రా బేటా” అంది. “గదిలోకి ఇంకొకరొస్తరు.”

ఆ ఆదివారం పెట్టె తీసుకుని నార్కట్‌పల్లిలో బస్సు దిగాను. అక్కడి నుంచి ఎడ్లబండి, తర్వాత నడక. రోడ్డు పక్కన సంఘం వాళ్ళ కోసం వెతికే మిలిటరీ డేరాలున్నాయి. ఒకడు ఆపి పెట్టె తెరిపించాడు. రెండు అంగీలు, గొంగడి, పుస్తకాలు. “పో” అన్నాడు.

వాడి బాపు దొడ్డి దగ్గర గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. నన్ను ఎప్పుడూ చూడలేదు. పెట్టెను చూసి గుర్తుపట్టాడు. పిల్లను కింద వదిలి, కుక్కి మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. చాలామందికి చెప్పీ చెప్పీ ఉంటాడు, గొంతులో ఏమీ లేదు.

“మిలిటరోల్లు పొద్దుగాల ఒచ్చిండ్రు కొడుకా. మొగోల్లందర్ని చావడికాడ కూసోవెట్టిండ్రు. సదువొచ్చినోడు ఎవడన్న ఉంటె లేశి నిలవడుండ్రి అన్నరు. ఎవ్వలు లేవలే. మావోడు లేశిండు. ఆల్ల బాసల్నే మాట్లాడిండు, కాలేజీల సదువుతున్న అన్నడు. మాకు గంతే తెలిసింది, కాలేజి అన్న మాట.”

“మల్ల?”

“మల్ల ఏముంది? సంగపోల్ల కాయితాలు రాసేది నువ్వేనా అని అడిగిండ్రంట. కాదన్నడు. ఊర్ల రాయొచ్చినోడు ఇంకెవడున్నడు అన్నరంట. లారిల ఎక్కిచ్చుకపోయిండ్రు. మూడొద్దులు తిరిగిన. గుట్టకింద దొరికిండు.”

నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. బస్సు దగ్గర నేనన్న మాట గుర్తొచ్చింది. దొడ్డిలో గొర్రెపిల్ల తల్లిని వెతుక్కుంటోంది, దాన్నే చూస్తున్నాను. చెప్పాలని నోరు తెరిచాను. “దూప అయితాంది” అన్నాను. ఆయన నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

తర్వాత పెట్టె తెరిచి పుస్తకాలు ఒక్కొక్కటే బయటపెట్టాడు. రసాయనశాస్త్రం పుస్తకం నా చేతికిచ్చి, “ఆడు గట్టిగ సదువుతుండెనట గద. జర సదువు, నేనింట” అన్నాడు.

తెరిచిన చోట చదివాను, ఉర్దూలో. వాడి తల్లి వచ్చి గడప మీద కూర్చుంది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఎవరికీ ఒక్క ముక్క తెలియదు. పేజీ అయ్యాక ఆపాను.

“గిదంత దేని గురించి?” అని తల్లి అడిగింది.

“నీళ్ళ గురించమ్మా. నీళ్ళు వేటితోని అయితయో రాసిన్రు.”

“నీళ్ళు ఎట్లయితయో గుడ సదువుతరా?” అంది. ఆశ్చర్యంతో కాదు, ఉత్తగా. మళ్ళీ తనే, “ఇంకింత సదువు” అంది.

ఇంకో రెండు పేజీలు చదివాను. జొన్నరొట్టె, చింతపండు తొక్కు పెట్టారు. తిన్నాను. ఇప్పటికీ నాకు ఒప్పుకోబుద్ధి కాని సంగతి, రొట్టె రుచిగా ఉంది. రెండోది కూడా అడిగి తిన్నాను.

వచ్చేటప్పుడు ఆయన రోడ్డు దాకా వచ్చాడు. “నువ్వన్న మంచిగ సదువు కొడుకా” అన్నాడు.

ఆ ఏడు పరీక్ష తప్పాను. తర్వాతి ఏడు పాసయ్యాను, ఆ పైన డిగ్రీ కూడా చేశాను. ఆయనకు ఒక ఉత్తరం రాయాలని రెండు మూడుసార్లు కూర్చున్నాను. ‘ఆ మాట చెప్పమన్నది నేను’ అని రాశాక, దాన్ని ఆయనకు ఎవరు చదివి వినిపిస్తారన్న ఆలోచన వచ్చేది. చింపేసేవాణ్ణి. అది సాకే. నేనే పోయి చెప్పవచ్చు. పోలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నల్లగొండలో కాలేజీ వచ్చింది. నాకు అందులోనే ఉద్యోగం దొరికింది. సెలవులు అయి తిరిగి పోతూ ఒకసారి బస్సులో ఉన్నాను. నార్కట్‌పల్లిలో ఎక్కిన ఇద్దరు నా వెనక సీట్లో మావాడి ఊరి గురించి మాట్లాడుకుంటున్నారు. ముసలాయన పోయి పది రోజులయిందని, నిన్న దినాలయ్యాయని, మంద అమ్మేస్తున్నారని. ఆనవాళ్ళన్నీ మావాడి బాపువే. వెనక్కి తిరిగి అడగలేదు. కండక్టరు వచ్చి టికెట్ చూపించమన్నాడు, చూపించాను. ఆ మధ్యాహ్నం రెండు తరగతులు తీసుకున్నాను.