వాన లేని రోజు కాలవ చూసే మనిషి

నిన్న పొద్దున మెట్రోలో ఉన్నా. ఆర్.కె. పురం నుంచి మా సార్ భార్య, ఆంటీ ఫోన్.

"మీ సార్ ఇక లేరమ్మా. నిద్రలోనే పోయారు" అన్నారు.

"అచ్ఛా ఆంటీ" అన్నాను. ఛీ, అదేం మాట. ఢిల్లీ అలవాటు, నోట్లోంచి వచ్చేసింది. తర్వాత నాలుగు స్టేషన్లు ఏడుస్తూ నిలబడ్డా. ఎవరో దీదీ లేచి సీటిచ్చింది.

అప్పలరాజు గారు. మా నోయిడా ఆఫీసులో సీనియర్ ఇంజినీర్. ఉత్తరాంధ్ర తీరంలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఇక్కడ కూర్చుని, సముద్రం ఒడ్డు ఊళ్ళకి వాన నీటి కాలవలు డిజైన్ చేసిన మనిషి.

నేను చేరిన కొత్తలో ఓ తెలివితక్కువ పని చేశా. బీచ్ ప్రాజెక్టుకి సైట్ విజిట్ జులైలో పెట్టా. వాన కాలవ కదా, వానల్లోనే చూడాలి అనుకున్నా.

సార్ మండే ఎండలో నన్ను ఆఫీసు వెనక వాన కాలవ దాకా నడిపించారు. నల్లటి నీళ్ళు జోరుగా పోతున్నాయి.

"రెండు నెల్లయింది చుక్క వాన పడి. మరి ఈ నీళ్ళేటి తల్లీ?"

వంగి చూశా. ఎవరో బాత్రూం పైపులు తెచ్చి అందులో కలిపేశారు. వానల్లో వెళ్తే అంతా వాన నీరే అనుకుంటాం. ఎండల్లో వెళ్తేనే దొంగ దొరుకుతాడు. అదే బీచ్ అయితే ఆ మురుగు తిన్నగా పిల్లలు ఆడుకునే ఇసకలోకి.

అప్పట్నించి మా సైట్ విజిట్లన్నీ మే నెలలోనే. వడదెబ్బలు తిన్నాం, ఆయన్ని తెగ తిట్టుకున్నాం. ఆయన మాత్రం గొడుగు నా చేతికిచ్చి, ప్రతి పైపులోకీ వంగి చూసేవారు.

ఇంకో పట్టుదల తొలకరి వాన. రోడ్ల మీద నెలల తరబడి పేరుకున్న నూనె, ప్లాస్టిక్, పెంట అంతా ఆ మొదటి వానే కడిగి మోసుకొస్తుంది. ఆ నీళ్ళని ఒడ్డుకి ముందే పట్టి ఆపడానికి ఓ తొట్టి ఉండాల్సిందే అనేవారు.

ఇప్పటి ప్రాజెక్టులో ఆ తొట్టి తీసెయ్యమన్నారు మా పై వాళ్ళు. వాకింగ్ ట్రాక్‌కి అడ్డమట. ఫోటోల్లో బాగోదట. ఊరి పేరు రాయను.

ప్రతి మీటింగులోనూ సార్‌ది ఒకటే మాట. "మా అక్కలాంటోళ్ళు ఆ ఇసకలోనే చేపలు ఎండబెడతారు. మీ ట్రాక్ పక్కకి జరపండి."

తొట్టి లేని డ్రాయింగ్ మీద సంతకం పెట్టలేదు. పెట్టకుండానే పోయారు.

ఇవాళ పొద్దున, చితి ఇంకా చల్లారక ముందే, పై వాళ్ళ మెసేజ్. "వెరీ శాడ్. కొత్త డ్రాయింగ్ మీరు సైన్ చేసేయండి, అర్జెంట్." పక్కన ఓ దండం బొమ్మ.

ఒళ్ళు మండిపోయింది నాకు.

ఆ పై వాళ్ళు ఈ పోస్ట్ చదువుతారని తెలుసు. చదవండి. నేను పెట్టను. టీమ్‌లో మిగతా ముగ్గురినీ అడిగా, వాళ్ళూ పెట్టరు. అందరం ఆయనతో ఎండలో తిరిగినవాళ్ళమే. తీసేస్తే నలుగుర్నీ తీసెయ్యండి.

తొట్టి ఉన్న సార్ డ్రాయింగ్ మీద నలుగురం సంతకాలు పెట్టి ఇందాకే పంపేశాం.

వెళ్ళి రండి సార్. ఈ పోట్లాట మాది. మీరు ప్రశాంతంగా పడుకోండి.