ఒక్కడుంటే చాలు

పెద్దపల్లి కోర్టుకు పోవడం మానేసినా మా తాత దామోదర్‌రావు వాదించడం మానలేదు. నల్లకోటు లేకుంటే ఏం, అరుగు మీద బనీనుతోనే గొంతు సవరించుకునేవాడు. దారిన పోయే ఎవరైనా నోరుజారి "గీ బజార్ల అందరు దొంగలే" అన్నారా, తాతకు పండుగే. "అబద్ధం!" అనేవాడు. "అయితే ఎవ్వరు దొంగలు కారా?" అని అడిగితే, "నేనట్ల అన్ననా? అందరు దొంగలన్న మాట తప్పని చెప్పాలంటే, దొంగ కానోడు ఒక్కడుంటే చాలు" అని వేలెత్తేవాడు. తొమ్మిదో తరగతి తప్పిన నాకే ఇది అర్థమైంది. ఊరికి మాత్రం విసుగొచ్చింది. నాయనమ్మ పోయినంక అరుగు ముందు ఆగే మనిషి లేడు. సాయంత్రాలు ట్రాన్సిస్టర్‌తో వాదించేవాడు గాని, వార్తలు చదివే ఆయన జవాబిచ్చేవాడు కాదు.

ఆదివారం గడ్డం గీయడానికి మంగలి రాములు వచ్చేవాడు. గొంతు మీద కత్తి ఉంటుంది కనుక అప్పుడు మాట్లాడేది రాములు, వినేది తాత. ఒకసారి రాములు ఊరికే అనేశాడు: "ఇప్పుడు మీతోని ఎవ్వరు మాట్లాడుతలేరు గద దొరా."

కత్తి లేచేదాకా తాత ఓపిక పట్టాడు. "తప్పురా. మాట్లాడేటోడు ఒక్కడుంటే నీ మాట చెల్లదు."

"ఎవరు దొరా గా ఒక్కడు?"

తాత వేలెత్తాడు. ఎటు చూపాలో తెలియక ఆ వేలు కాసేపు గాల్లో ఉండి, మెల్లగా ఒళ్లోకి దిగింది.

గడ్డం గీయడం అప్పటికే అయిపోయింది. కత్తి పెట్టెలో పెట్టేసిన రాములు, మళ్లీ బ్రష్షు తడిపి, నున్నగా ఉన్న చెంపకే సబ్బు రుద్దడం మొదలుపెట్టాడు.

"గీడ జర గరుకున్నది దొరా. ఇప్పుడప్పుడే కత్తి పెట్ట. మీరు చెప్పుండ్రి."