తడవని కెమెరా

నడిగూడెం ఉపేందర్ కొన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా పిడికిట్లో ఇమిడిపోతుంది. పది మీటర్ల లోతు నీళ్లలోనూ వీడియో తీస్తుందని కోదాడ బస్సులో అతను వర్ణిస్తుంటే విన్నవాళ్లకు జలుబు చేసేది. చినుకు పడితే మాత్రం తన తలను వానకు వదిలేసి, గొడుగు దానికి పట్టేవాడు. చేతులు మూడుసార్లు తుడుచుకుంటే గాని దాన్ని ముట్టుకోడు.

మొన్న అదే ఊళ్లో పద్మమ్మ వాళ్ల బావిలో మోటరు నీళ్లెత్తడం మానేసింది. పైపు మూతికి ఏం అడ్డుపడిందో తెలియదు. నారుమడి నెర్రెలు బారుతోంది.

“నీ కెమెరా జర బాయిల దించు పిలగా, నారు ఎండిపోతాంది,” అంది పద్మమ్మ.

ఉపేందర్ కెమెరాను సూర్యాపేట చీరల దుకాణం వాళ్ల తెల్ల కవర్‌లో చుట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించాడు.

“నీళ్లల్ల తడిసినా ఏం గాదంటివి గద?”

“అట్లని తడపమంటవా, అత్తా?”

తాడుతో దించి, పైకి లాగి, వీడియో పెట్టాడు. నీళ్లు లేవు, పైపు లేదు. కవరు మీది అక్షరాలు మాత్రం తిరగబడి తళతళలాడుతున్నాయి: ‘మళ్లీ దయచేయండి.’

“ఏమున్నదో సూసి రమ్మంటే, బాయి మల్ల రమ్మన్నదా పిలగా?” అంది పద్మమ్మ.

ఆమె భర్త ఐలన్న చొక్కా విప్పి బావిలోకి దూకాడు. ఉపేందర్ తుంపర్లు తగలనంత దూరంలో నిలబడి, ఆ దూకడాన్ని చక్కగా వీడియో తీశాడు.