మేష్టారి కోసం ప్యాకెట్ రేడియో

లైసెన్సు తీసుకుని ఇళ్ళ నుంచే ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో మాకు నేర్పిన మేష్టారు అవనిగడ్డలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం కాగానే రేడియోలో ఒక్కొక్కరి కాల్‌సైన్, అంటే రేడియోలో మా గుర్తింపు పేరు, పిలిచి హాజరు వేసేవారు. బందరు జిరాక్స్ షాపులోంచి నేను, గుడివాడ నుంచి అందరం బావగారని పిలిచే ధాన్యం వ్యాపారి, ఇంకొందరం బడిపిల్లల్లా పలికేవాళ్ళం. కేన్సరని ఆయన స్వరపేటిక తీసేశాక హాజరు పని నా మీద పడింది. ఆయన రేడియో స్విచ్చి కూడా వెయ్యడం లేదని వాళ్ళావిడ ఫోనులో చెప్పారు. ఆయన్ని మళ్ళీ మా సాయంత్రాల్లోకి ఎలా తీసుకురావడమన్నదే నా బెంగ.

ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి. నాకు వచ్చిందంతా గ్రంథాలయం పెట్టిన భిక్షే, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. అక్కడే ఒక పాత పుస్తకంలో ప్యాకెట్ రేడియో గురించి చదివాను. టైపు చేసిన మాటల్ని కంప్యూటరు చిన్న మూటలుగా కట్టి, కీచు శబ్దాలుగా మార్చి రేడియోలో పంపుతుంది. అవతలి కంప్యూటరు వాటిని మళ్ళీ అక్షరాలు చేస్తుంది. గొంతుతో పని లేదు. ఆ అధ్యాయమంతా బీరువా దగ్గర నిలబడే చదివేశాను.

రెండు పాత లాప్‌టాపుల్లో లైనక్స్ ఎక్కించి, సౌండ్‌కార్డునే మోడెమ్‌గా వాడి అక్షరాల్ని శబ్దాలు చేసే ప్రోగ్రాం పెట్టి, మా కాల్‌సైన్లు రాసి, ఒకటి అవనిగడ్డ పట్టుకెళ్ళి అమర్చాను.

"ఫోన్లో మెసేజీలు కొట్టుకోవచ్చు గదండీ, ఇంత యాతనెందుకు?" అన్నారు వాళ్ళావిడ మజ్జిగ ఇస్తూ.

మేష్టారు పలక మీద రాసి చూపించారు. "అది ఫోను."

బందరు వచ్చి పంపితే ఒక్క అక్షరమూ చేరలేదు. సరిగ్గా అందాలని ధ్వని బాగా పెంచి పెట్టాను. అందకపోయేసరికి ఇంకా పెంచాను. ఆయన నుంచి ఫోనుకి మెసేజి వచ్చింది. "అరవకు. పోయింది నా గొంతు, చెవులు కాదు. ఇంటికొచ్చే ప్రతివాడూ ఇంతే." ధ్వని ఎక్కువైతే మూటలు చెదిరిపోతాయని అప్పుడు తట్టి, సగానికి తగ్గించాను. కలిసింది. స్క్రీను మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వచ్చింది. "ఏవోయ్, ఇవాళ జిరాక్సులేం లేవా?"

మిగతావాళ్ళెవరికీ ప్యాకెట్ లేదు. అందుకని ఆయన ఒక రేడియోలో మమ్మల్ని వింటూ, లాప్‌టాప్ తగిలించిన రెండోదాంట్లో టైపు చేసి నాకు పంపేవారు. నేను చదివి అందరికీ వినిపించేవాణ్ణి. ఒకరోజు బావగారి కొత్త యాంటెన్నా మీద ఒక చెణుకు పంపారు. "అంత ఎత్తు కట్టారు గానీ మీ మాట పామర్రు దాకానే వస్తోంది. అక్కడ బస్సు దిగి టిఫినుకి వెళ్ళిందేమో."

చదివాను. బావగారు పగలబడి నవ్వారు.

"భలే చెప్పారండీ. షాపులో బేరాల్లేకపోతే ఇలాంటివే తడతాయి కాబోలు."

"నాది కాదండీ, మేష్టారి మాట."

"ఎవరిదైతేనేం, మీ నోట బాగుంది."

 స్క్రీను మీద ఒక లైను వచ్చింది. "ఇక చదవొద్దు. నావి నీ మాటలైపోతున్నాయి." కనెక్షన్ తెగిపోయింది.

ఫోనుకి మెసేజీలు పెట్టి ఎంత బతిమాలినా జవాబివ్వలేదు. నేను మంచే చేశాననుకున్నాను. ఆయన పరాచికాలు, ఆయన విరుపు, దీర్ఘం తీసే ఆ 'ఏవోయ్' అన్నీ తెచ్చి నా గొంతులో పోశానని తెలుసుకోలేదు.

మర్నాడు హాజరు వేస్తూ ఆయన కాల్‌సైన్ కూడా పిలిచాను. ఎవరూ మాట్లాడనప్పుడు మా రేడియోల్లో హోరు వినిపిస్తుంటుంది. ఎవరైనా మాట్లాడే బటన్ నొక్కితే చాలు, నోరు విప్పకపోయినా ఆ హోరు ఆగుతుంది.

ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"మేష్టారు వచ్చారండీ," అన్నారు బావగారు నెమ్మదిగా.

ఇప్పుడు రోజూ అలాగే వస్తున్నారు. అక్షరం మాత్రం పంపరు. ఒక్కోరోజు బటన్ మీద వేలు తియ్యరు, నిశ్శబ్దం అలా సాగుతూనే ఉంటుంది. ఏదో చెబుతున్నారనే అనుకుంటాం. ఆయన ముగించేదాకా ఎవరమూ అడ్డురాము.