లే నుంచి మురమళ్ళకి నాలుగు గంటలు

లే విమానాశ్రయంలో దిగేసరికి పొద్దున్న ఏడున్నర. ఢిల్లీ నుంచి గంటంపావు ప్రయాణం. దిగగానే తల తిరిగింది. గాలి పలచన. ఊపిరి అలవాటు పడేదాకా కదలొద్దన్నారు. తర్వాత రెండు రోజులు ట్రక్కు, ఆపైన నడక. కొండ అంచున ఒక బంకరు, ఒక కిరోసిన్ స్టవ్వు, ఆరుగురం. అదీ మా ఆర్మీ పోస్టు. మురమళ్ళ కొబ్బరితోటల్లో పెరిగినవాడికి కనుచూపు మేరలో ఒక్క పచ్చటి ఆకు లేకపోవడం కంటే శిక్ష ఏముంటుంది?

మాఘంలో మా అక్క కూతురు బుజ్జి పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. బుజ్జికి నేనొక్కణ్ణే మేనమామని. చిన్నప్పుడు కొబ్బరికాయల బుట్టెక్కి నా చేత దొడ్డంతా మోయించుకునేది. పెళ్ళికీ నేనే మోస్తానని మాటిచ్చాను.

సెలవు దొరికింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందే పోస్టు నుంచి లేకి దిగుతున్నానంటే అక్క ఫోన్లో నవ్వింది. బావగారు సెల్లులో చూశారట.

“ఢిల్లీకి గంటంపావేనంట. అక్కణ్ణించి రాజమండ్రి రెండున్నర. నాలుగ్గంటల దారికి నాలుగు రోజులేంట్రా?”

రేవు దాటడానికి పంటు పడవ కోసం పూటంతా కూర్చునే మనుషులు వీళ్ళు. వరదొస్తే పంటు కట్టేస్తారని తెలుసు. విమానానికి మాత్రం వరద ఉండదనుకున్నారు.

లేలో మంచు పట్టుకుంది. రోజూ చీకటితో లేవడం, బ్యాగు భుజాన వేసుకోవడం, రన్‌వే పక్క షెడ్డులో కూర్చోవడం. అక్కడ విమానాలు పొద్దుటిపూటే. పది దాటితే మళ్ళీ బ్యారక్కు. రోడ్డు శీతాకాలమంతా మూతే. షెడ్డు తలుపు తెరిచే ఉంది, వెళ్ళడానికే దారి లేదు. ఏదో ఒక సరుకుల విమానం ఎక్కించమని సుబేదార్ మీద విరుచుకుపడ్డాను.

“పైలట్‌కి కొండ కనబడాలి. నీ పెళ్ళిపందిరి కాదు,” అన్నాడాయన.

మూడో రోజు పైన పోస్టు నుంచి మా రేడియో ఆపరేటర్ నన్ను లే సిగ్నల్ గదికి పిలిపించాడు. బుట్ట సంగతి తెలిశాక పోస్టులో నా పేరు మామ.

“మామా, ఎగిరావా? ఓవర్.”

“నేలమీదే. ఓవర్.”

కాసేపు గరగర. “ఇక్కడా కురుస్తోంది. ఓవర్.”

పెళ్ళిరోజు వచ్చింది. ముహూర్తం రాత్రి పదిన్నరకి. ఆ పొద్దున్నా కళ్ళముందు తెలుపే. షెడ్డులో ఉండగా బుజ్జి ఫోన్ చేసింది.

“ఎక్కడిదాకా వచ్చేరు మావయ్యా?”

“లేలోనే ఉన్నానమ్మా.”

“వరసకి మావయ్య ఎవరైనా మొయ్యొచ్చంటున్నారండీ. నాకిష్టం లేదు.”

“శుభమా అని పెళ్ళి. మొండికెయ్యకు. ఎవరు మోస్తే ఏంటి, బుట్టెక్కు.”

“ఆయ్,” అంది. అంత మెత్తగా ఎప్పుడు ‘ఆయ్’ అన్నా అది తన మాటే నెగ్గించుకుంటుంది. నాకు ఏడుపొచ్చింది. మంచుతో ఎవడు దెబ్బలాడతాడు? గుమ్మంలో పేరుకున్నదాన్ని బూటుతో తన్నాను.

మర్నాడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఢిల్లీకి గంటంపావు. రాజమండ్రికి రెండున్నర. అక్షరాలా బావగారి సెల్లు చెప్పినంతే.

మురమళ్ళ చేరేసరికి పందిరి విప్పుతున్నారు. బుజ్జి అంబాజీపేట అత్తారింటికి వెళ్ళిపోయింది. అక్క నన్ను చూసి అరుగు చూపించింది. బుట్ట అక్కడే ఉంది. అడుగున పరిచిన తెల్ల పంచె మీద రెండు పారాణి పాదాల అచ్చులు.

“పంతులుగారు పిలిచేదాకా అందులోంచి లేవలేదురా. ఎవర్నీ బుట్ట ముట్టుకోనివ్వలేదు. ఆనక తనే దిగి నడిచెళ్ళింది,” అంది అక్క.

ఈ మధ్యే రిటైరయ్యాను. మంచూ బంకరూ కలలోకి రావు. ఆ ఎర్రటి పాదాలే వస్తాయి. వేళ్ళు వీధి వైపున్నాయి.